అసమాప్త కథ - ప్రేక్షకుని ఊహ
(‘కల్కి 2898 ఏ.డి.’ చిత్రము ముగింపుపై ఒక పరిశీలనము)

వాక్యమునకు సమాపక క్రియ యెట్టిదో కథకు ముగింపు అట్టిది. ‘రాజు వేటకు పోయి’ అని వక్త ఊరకున్నచో వినువాడు ఊరకుండలేడు. పోయి యేమి చేసెనని యడుగును. అడుగుటకు వక్త యెదుట లేనిచో తానే యొక క్రియను కల్పించుకొనును. ఈ కల్పన వినువాని చాపల్యము కాదు. దానిని పిలిచినది అసమాపక క్రియయే. ఇటీవలి తెలుగు చలనచిత్రములు కొన్ని ఇట్లే అసమాపక క్రియతో ఆగినవి. వానిని చూచినవారు చేయు ఊహలను సాహిత్య విమర్శ ఏ దృష్టితో చూడవలెనన్నది ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము. ఇందులకు ప్రధానముగా గ్రహించిన చిత్రము నాగ్ అశ్విన్ దర్శకత్వమున 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏ.డి.’ భావికాలమును వస్తువుగా గొని, విజ్ఞాన కల్పనను భారతకథతో ముడివేసి, తన ముఖ్య ప్రశ్నలలో వేనికిని సమాధానము చెప్పక ముగిసిన చిత్రమిది.

ఈ విషయమున మన పరిశోధకులలో రెండు వైఖరులు కనబడుచున్నవి. ఇట్టి ఊహలు పొద్దుపోని మాటలనియు, పరిశోధనకు తగవనియు భావించుట మొదటిది. వినబడిన ప్రతి ఊహను సేకరించి, వర్గీకరించి, ఇది జనవాణి యని సంతృప్తి చెందుట రెండవది. మొదటివారు వినుటకు పూర్వమే తీర్పు చెప్పుచున్నారు. రెండవవారు విన్న పిమ్మటనైనను తీర్పు చెప్పుట లేదు. ఊహలలో తారతమ్యము కలదా? కలదేని దానిని కొలుచు సాధనమేది? ఈ ప్రశ్నను ఇద్దరును దాటిపోయినారు.

సాధనమును వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు. ఆకాంక్ష, యోగ్యత, ఆసత్తి యను మూడు ధర్మములున్న పదసముదాయమే వాక్యమని విశ్వనాథుడు సాహిత్యదర్పణమున చెప్పెను. ఒక పదము మఱియొక పదమును కోరుట ఆకాంక్ష. ఆ రెండింటి అర్థములు పొసగుట యోగ్యత. అవి యెడములేక చేరియుండుట ఆసత్తి. ఇట్టి వాక్యముల సముదాయము మహావాక్యమనియు, రామాయణ భారతములు అట్టివనియు కూడ ఆయన మతము. కథ మహావాక్యమైనచో, ముగియని కథ క్రియను కోరుచున్న మహావాక్యము. ప్రేక్షకుని ఊహ ఆ క్రియను పూరించుటకు చేయబడిన యత్నము. కాబట్టి దానిని ఈ మూడు ప్రశ్నలతోనే పరీక్షింపవచ్చును. కథ దీనిని కోరుచున్నదా? కథలోని పాత్రల స్వభావమునకు ఇది పొసగునా? కథలో ఉన్నదానిని ఆనుకొని యున్నదా, లేక బయటనుండి తెచ్చి అతికించినదా?

ఊహను క్రమశిక్షణలో నుంచిన శాస్త్రము మనకు మఱియొకటి కలదు. ఖమ్మం జిల్లాలోని ముదిగొండ పేరు ఒక చాళుక్య శాఖకు నిలిచినది. ఆ వంశచరిత్ర కొలది శాసనముల నుండి కూర్చుకొనబడినది. ప్రాచీన తెలుగు గద్యమునకు ఉదాహరణముగా మన విద్యార్థులు చదువు కొరవి శాసనము అందొకటి. శాసన పరిష్కర్త రాతిపై అక్షరము చెడినచోట తన పూరణమును కుండలీకరణములలో నుంచును. రాయి చెప్పినది ఎంత, తాను చెప్పినది ఎంత అనునది చదువరికి తెలియవలెనని ఆయన నియమము. పూరణము తప్పు కావచ్చును. కాని అది దొంగతనము కాదు. కథాపూరణమునకు కూడ ఇట్టి నిజాయితీయే ప్రథమ లక్షణమని నా అభిప్రాయము.

తెలుగు సాహిత్యము తన తొలి యడుగుననే ఈ సమస్యను ఎదుర్కొన్నది. పదునొకండవ శతాబ్దమున నన్నయ భారతాంధ్రీకరణము అరణ్యపర్వము చతుర్థాశ్వాసమున ఆగిపోయినది. తిక్కన విరాటపర్వము నుండి ఆరంభించెను. నడుమ ఖాళీ మిగిలినది. ఆ ఖాళీలో రెండు విధములైన ఊహలు మొలచినవి. నన్నయ యేల ఆపెను అనునది మొదటిది. అథర్వణుని భారతమును తగులబెట్టించిన పాపమున మతి చలించెనని ఒక ఐతిహ్యము. అరణ్యపర్వమును తాకినవారికి కీడు కలుగునన్న భయము మఱియొకటి. ఇవన్నియు కవి జీవితమును గూర్చినవే గాని కావ్యమును గూర్చినవి కావు. కావ్యము ఏ మాటను కోరుచున్నది అనునది రెండవ ఊహ. దీనిని చేసినవాడు పదునాలుగవ శతాబ్దపు ఎఱ్ఱన. ఆయన శేషమును పూరించి, దానిని తన ప్రభువునకు గాక నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకితముగా నడిపెను. నన్నయ చేయి విడిచినచోటనే పట్టుకొని, తన పేరును వెనుకకు త్రోసి, పూర్వకవి గొంతుతో పలికెను. మొదటి ఊహకు విషయము కవి, రెండవదానికి కావ్యము. నేటి ప్రేక్షకుల ఊహలు కూడ ఈ రెండు తెగలుగానే విడివడుచున్నవి.

‘కల్కి’కి పోకముందు ‘బాహుబలి’ని ఒక మాట తలచుకొనవలెను. 2015 జూలై 10న వచ్చిన తొలి భాగము, కట్టప్ప బాహుబలిని ఏల చంపెనన్న ప్రశ్నతో ఆగినది. 2017 ఏప్రిల్ 28న రెండవ భాగము వచ్చువరకు ఆ ప్రశ్న ఇంటింట నిలిచినది. కుట్రకు లోబడిన శివగామి ఆజ్ఞ, సింహాసనమునకు కట్టువడిన కట్టప్ప దాస్యము - ఇవి దానికి సమాధానములైనవి. ఇచ్చట గమనింపదగినది యేమనగా, తన పూర్వులు ఇచ్చిన మాటకు తాను బద్ధుడనని కట్టప్ప తొలి భాగముననే చెప్పియున్నాడు. ఆ మాటను చెవినుంచుకొన్నవారు ఆజ్ఞను ఊహించిరి. దానిని మఱచినవారు కట్టప్పను ద్రోహిగనో, మాయావేషధారిగనో ఊహించిరి. మొదటివారి ఊహకు యోగ్యత కలదు. రెండవవారి దానికి లేదు. ఈ భేదమును తెలియుటకు రెండవ భాగము రావలసిన పనిలేదు. ఊహ విలువ అది ఫలించుటలో లేదు. అది కథను ఎంత శ్రద్ధగా విన్నది అనుటలో ఉన్నది.

ఇక ‘కల్కి’. కురుక్షేత్రాంతమున ఉత్తర గర్భముపై అస్త్రమును ప్రయోగించిన అశ్వత్థామను కృష్ణుడు శపించును. కలియుగాంతమున మఱియొక గర్భమును కాపాడుటయే ఆతనికి ప్రాయశ్చిత్తము. ఆరువేల యేండ్ల పిమ్మట జగత్తు ఎండిపోయి, కాశి యొక్కటి మిగులును. దానిపై ‘కాంప్లెక్స్’ అను మహానిర్మాణము, దానికి అధిపతియగు సుప్రీం యాస్కిన్. సుమ్-80 అను సంకేతము గల గర్భిణి అచ్చటినుండి తప్పించుకొని, సుమతి యను పేరు పొంది, శంబల చేరును. ధనము కూడబెట్టి కాంప్లెక్స్‌లో ప్రవేశింపగోరు భైరవుడు ఆమెను పట్టుకొన యత్నించును. తుదిఘట్టమున అశ్వత్థామ చేతికఱ్ఱ భైరవుని చేతిలో కర్ణుని ధనుస్సగును. భైరవుడు కర్ణుని పునర్జన్మ యని తెలియును. పిమ్మట యాస్కిన్ సుమతి గర్భము నుండి తీయబడిన సారముతో నూత్న దేహబలము పొంది గాండీవమును ఎత్తును. అచ్చట చిత్రము ఆగినది.

భైరవుడు రానున్న కల్కికి రక్షకుడగునా, శత్రువగునా అనునది ప్రేక్షకులలో వినబడు మొదటి ప్రశ్న. కర్ణుడు కాబట్టి ఉదాత్తుడు, కాబట్టి రక్షకుడే యని పెక్కుమంది ఊహ. ఇందు యోగ్యత సగమే కలదు. భారతమున కర్ణుని విషాదము ఆతని ఔదార్యమున లేదు, ఋణమున ఉన్నది. ఉద్యోగపర్వమున కృష్ణుడు జన్మరహస్యమును తెలిపి రాజ్యమే యిత్తునన్నను, దుర్యోధనునికి తాను పడియున్న ఋణమును తలచి కర్ణుడు నిరాకరించెను. ధర్మము ఎటనున్నదో ఎఱిగియు ఇటు నిలిచినవాడు. భైరవుడు ఎవరికిని ఋణపడలేదు. ఆతనిది స్వార్థము మాత్రమే. కాబట్టి భైరవుని కర్ణునిగా చేయుటకు కథ ఇంకను ఒక ఋణమును కోరుచున్నది. ఆ ఋణము ఎవరికి అన్నదే సరియైన ప్రశ్న. ‘మంచివాడా, చెడ్డవాడా’ అను ప్రశ్న భారతమునకు తగినది కాదు.

యాస్కిన్ ఎవరు అనునది రెండవ ప్రశ్న. ఆ పేరు విని నిరుక్తకారుడగు యాస్కుని తలచుకొనుట సులభమే. కాని శబ్దసామ్యము ఆసత్తి కాదు. ఆతడు కలిపురుషుడన్న ఊహకు ఇంతకంటె బలము కలదు. కల్కికి ప్రతిద్వంద్వి కలియే గదా! పైగా భారతము దుర్యోధనుని కలి యంశమున పుట్టినవానిగా చెప్పినది. ఈ రెండు ప్రశ్నలను కలిపి చూచినచో ఒక అందమైన పూరణము లభించును. యాస్కిన్ కలి యంశమైనచో, కర్ణుని పాత ఋణదాతయే నూతన రూపమున ఎదుట నిలిచినట్లగును. భైరవుడు కాంప్లెక్స్‌లో చోటు కొఱకు ఆతని లోకమునకే అఱ్ఱులు చాచుట కూడ అప్పుడు సార్థకమగును. ఇది నా పూరణము. దీనిని కుండలీకరణములలోనే ఉంచవలసినది. కాని రెండు ఆకాంక్షలను ఒకే క్రియతో తీర్చు ఊహ, వేర్వేరు క్రియలు కోరు ఊహలకంటె మేలన్నది మాత్రము ఒప్పుకొనదగును.

మూడవ ప్రశ్న గాండీవమును గూర్చినది. యాస్కిన్ దానిని ఎత్తెను గాన అజేయుడయ్యెనని పెక్కుమంది తలచుచున్నారు. వీరు మౌసలపర్వమును మఱచినారు. కృష్ణ నిర్యాణానంతరము ద్వారకా స్త్రీలను తోడ్కొని పోవుచున్న అర్జునుని దొంగలు అడ్డగింపగా, ఆ గాండీవమునే ఎక్కుపెట్టుట ఆతనికి కష్టమయ్యెను, అస్త్రములు స్ఫురింపలేదు. పిదప మహాప్రస్థానమున అగ్నిదేవుని మాటపై అర్జునుడు దానిని నీటిలో విడిచిపెట్టెను. గాండీవ బలము వింటిలో లేదనియు, ఎవని పక్షమున కృష్ణుడున్నాడో వానియందున్నదనియు ఆ ఘట్టముల తాత్పర్యము. అట్లగుటచే యాస్కిన్ చేతి గాండీవము విజయమునకు సూచన కాకపోవచ్చును. వంచనకు సూచన కావచ్చును. పైగా చిత్రము రెండు విండ్లను తారుమారు చేసినది. కౌరవ పక్షపు విల్లు శంబలను కాపాడినది; పాండవ పక్షపు విల్లు నిరంకుశుని చేజిక్కినది. ఆయుధమునకు పక్షము లేదు, పట్టిన చేతికే కలదు అనుట ఇందలి ధ్వని. ఆ తుదిఘట్టముననే శ్రీశ్రీ జగన్నాథ రథచక్రముల కవితను స్ఫురింపజేయు మాటలు యాస్కిన్ నోట వినబడుట కూడ ఈ కోవలోనిదే. పతితులకు అభయమిచ్చిన వాక్కు పీడకుని నోట పలుకుట విన్నప్పుడు, విల్లు వలెనే వాక్కును హరింపబడునని తోచును. ముగింపులోని ఈ పొందికను గమనింపక, తరువాత ఎవరు గెలుతురని మాత్రమే అడుగుట చిత్రమునకు అన్యాయము.

ఇక బాహ్యములగు ఊహలు. చిత్రమున కృష్ణుని ముఖమును స్పష్టముగ చూపలేదు. ఏ నటుడు ఆ పాత్రను ధరించునోయని చర్చలు సాగినవి. 2025 సెప్టెంబరులో నిర్మాతలగు వైజయంతీ మూవీస్‌వారు, సుమతి పాత్ర ధరించిన దీపికా పదుకొణె తరువాతి భాగమున ఉండబోదని ప్రకటించిరి. అంతట, సుమతి ప్రసవానంతరము మరణించునన్న ఊహకు బలము వచ్చినది. ఈ ఊహ నిజమే కావచ్చును. కాని దీనికి ఆధారము కథ కాదు, ప్రకటన. నన్నయ మతిచలనమును గూర్చిన ఐతిహ్యమువలె ఇది కర్తల చరిత్రకు చెందినది. పరిశోధకుడు దీనిని త్రోసివేయనక్కరలేదు. వేఱు పుటలో వ్రాసికొనవలెను. సుమతిని గూర్చి కథ అడుగుచున్న ప్రశ్న వేఱు. సంకేతసంఖ్యగా బ్రదికి పేరు సంపాదించుకొన్న స్త్రీ, బిడ్డను కని మరల సాధనమాత్రముగ మిగులునా, లేక తనకొక కథ కలదా? యాస్కిన్ ఆమెను గర్భముగా మాత్రమే చూచెను. శంబలవారి భక్తి అంతకంటె భిన్నమని కథ ఇంకను నిరూపింపవలసియున్నది. ఈ ప్రశ్న నటి యెవరైనను నిలుచును.

ఎన్నటికిని సమాధానము రాని ముగింపులును కలవు. బ్రిటిష్ దూరదర్శన ధారావాహిక ‘ది ప్రిజనర్’ 17 భాగములుగా నడచి 1968 ఫిబ్రవరి 1న ముగిసినది. నాయకుడు తన ఉద్యోగమునకు ఏల రాజీనామా యిచ్చెనన్నది దాని మూలప్రశ్న, అది తేలలేదు. ప్రేక్షకులు కలవరపడిరి, కోపించిరి. పిదప దశాబ్దములు చర్చించిరి. దాని ప్రధాన సృష్టికర్త పాట్రిక్ మెక్‌గూహన్ 2009లో మరణించెను. అయినను చర్చ ఆగలేదు. మన గోదావరి అడవులలో మఱియొక విధమైన ముగింపు కలదు. పోరున గాయపడిన సమ్మక్క చిలుకలగుట్టవైపు నడచి అదృశ్యమయ్యెననియు, వెదకినవారికి కుంకుమభరిణె మాత్రమే దొరకెననియు కథ. ఆమె ఏమయ్యెనని కోయలు వాదింపరు. రెండేండ్లకొకసారి మేడారమునకు ఆమెను తోడ్కొని వత్తురు. అచ్చట ఖాళీని పూరించినది ఊహ కాదు, ఆచారము. ముగియని కథకు జనులు ఇచ్చు ప్రత్యుత్తరములలో తర్కము ఒకటి మాత్రమే యని దీనివలన తెలియుచున్నది.

కాబట్టి పరిశోధక విద్యార్థులకు నా విన్నపము ఇంతే. ప్రేక్షకుల ఊహను వినుడు. కాని దాని పక్కన అది ఆనుకొన్న ఘట్టమును వ్రాయుడు. ఘట్టము దొరకనిచో దానిని ఐతిహ్యముల పట్టికలో చేర్చుడు. దొరకినచో అది పాత్రకు పొసగునో లేదో విచారింపుడు. తరువాతి భాగము ఏ సమాధానము నిచ్చినను, ఈ పరిశ్రమ వ్యర్థము కాదు. దర్శకుని క్రియ ప్రేక్షకుని క్రియకంటె దుర్బలముగనుండు సందర్భమును రావచ్చును. అప్పుడు ఆ దౌర్బల్యమును నిరూపించుటకు మనకు మిగులు ఆధారము, ముందుగా శ్రద్ధతో చేసి కుండలీకరణములలో దాచిన ఈ పూరణమే.