కుళ్లాయి గీసిన చెయ్యి

మా కుందుర్పి నుంచి లేపాక్షికి వెళ్లిన ప్రతిసారీ మెడ నొప్పెట్టేదాకా వీరభద్రాలయం పైకప్పు చూస్తాను. అచ్యుతరాయల కాలపు అధికారి విరూపణ్ణ, సోదరుడు వీరణ్ణ పరివారంతో అక్కడి బొమ్మల్లో భక్తిగా నిలబడి ఉంటారు. తలమీద పొడుగాటి కుళ్లాయిలు. ఆ మాట పారసీ ‘కులాహ్’ నుంచే వచ్చింది. పక్కకు తిరిగిన ముఖం, కొసదేరిన ముక్కు, బట్టమీది పువ్వు, అంచు, చిత్రకారుడు ఏదీ వదల్లేదు. సున్నపు గచ్చుమీద కావి, మసి, మట్టిరంగులు. అంతే సరంజామా!

ఆ ‘కులాహ్’ పుట్టిన పారసీ నేలమీద, తర్వాతి కాలంలో, ఇరాన్ షా ఫత్ అలీ (పాలన 1797–1834) మిహ్ర్ అలీ చేత నూనెరంగుల్లో నిలువెత్తు చిత్రాలు వేయించుకున్నాడు. నడుముదాకా గడ్డం, ఒళ్లంతా రత్నాలు. గొప్ప పనే. నా మనసు మాత్రం లేపాక్షి కావిరంగు దగ్గరే ఆగుతుంది. తలెత్తి, చెయ్యి పైకి చాచి గీసిన ఆ నల్లగీత కనురెప్ప దగ్గర కూడా వణకలేదు.