ముద్గరం తిప్పే భుజం

ముద్గరం తిప్పడమంటే దుడ్డుకర్ర ఊపడం కాదు. ఆ తేడా తెలియాలంటే ఖరగ్‌పూర్ పక్కన మా సాలువాలో పొద్దున్నే ముద్గరం పట్టే పెద్దాయన్ని చూడాలి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన శ్రీకాకుళం మనిషి. మేమంతా గురువుగారంటాం. ముద్గరాన్ని గుండెల ముందు నిలబెడతారు. మోచెయ్యి పైకి లేస్తుంది, ముద్గరం తలకిందులై వీపు వెనక్కి దిగుతుంది, అక్కడ అరక్షణం ఆగుతుంది. విద్యంతా ఆ ఆగడంలోనే ఉంది. పిడికిలి సడలదు, పక్కటెముకలు ముందుకు పొంగవు, నడుం వంగదు. భుజం తిరుగుతుంటే దాని వెంట రెక్క ఎముక వీపు మీద మెత్తగా జారుతుంది, అంతే. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఇది ఎప్పటి విద్య అంటే మావాళ్లు హనుమంతుడి గద దాకా వెళ్తారు. అంత దూరం ఎందుకు? తెల్లదొరల సైన్యం ఇక్కడ చూసి ముచ్చటపడి తమ దేశానికి పట్టుకుపోయింది. 1904లో సెయింట్ లూయిస్, 1932లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ముద్గరాలు తిప్పడానికి పతకాలే ఇచ్చారు. ముద్గరానికి ఏ చెట్టు కర్ర మంచిదంటే మనిషికో మాట చెబుతారు. నన్నడిగితే పిడి చేతికి ఇమిడితే చాలు.

ఇక కోడి రామ్మూర్తి పేరెత్తకుండా ఉత్తరాంధ్రవాడెవడూ ఈ మాట ముగించడు, నేనూ అంతే. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు నేర్చిన మహానుభావుడు. ఛాతీకి కట్టిన గొలుసు ఊపిరి బిగించి తెంచాడని అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం రెండు చేతులకూ గొలుసులతో కట్టిన కార్లు చెరోవైపు లాగుతుంటే కదలకుండా నిలబెట్టడమే పెద్ద ఘనత. ఆ లాగుడంతా పడేది భుజాల గూళ్ల మీద కదా! కండ ఎంతున్నా కీలు సిద్ధంగా లేకపోతే అక్కడే ఊడివస్తుంది.

కీలు ఎలా సిద్ధమవుతుంది? ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు కదిలి, దానిమీద ఒత్తిడి పడుతూ వదులుతూ ఉంటేనే లోపలి జిగురు ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. ఆ కదలికలోనూ చేత్తో లాగితే కాలు ఎంత ఎత్తు లేస్తుందన్నది కాదు లెక్క, తనంతట తాను ఎంత లేచిందన్నదే. అందుకే నిదానంగా, మిగతా ఒళ్లు స్తంభంలా నిలిపి, ఒక్క కీలునే దాని అంచుల వెంబడి తిప్పాలి. ముంగేరులో స్వామి సత్యానంద సరస్వతి కూర్చిన పవనముక్తాసనాల తొలి వరుస కాలివేళ్ల దగ్గర మొదలై మెడ దాకా వెళ్తుంది. అందులో ఒక్క కీలునూ తేలిగ్గా తీసేయలేదు. గురువుగారు కొత్తవాళ్లకు ముందు చీలమండ చూస్తారు. గోడకు ఎదురుగా పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు ఆనించమంటారు. బొటనవేలికీ గోడకూ మధ్య పది సెంటీమీటర్ల ఎడం ఉన్నా ఆనితే భేష్. బిగుసుకున్న చీలమండ బరువును మోకాలి మీదికీ నడుం మీదికీ నెట్టేస్తుంది. పట్టాల పక్కన గొంతుక్కూర్చుని పనిచేసిన గ్యాంగ్‌మన్లకు ఈ మాట ఎవరూ వివరించక్కర్లేదు.

ఇప్పుడేమో ముప్పై సెకన్ల వీడియో చూసి మెడను గిరగిరా తిప్పేవాళ్లు! బోలు ప్లాస్టిక్ ముద్గరం పట్టుకుని నిమిషానికి వంద చుట్లు! అందులో కీలుకు దక్కేది ఏముంది, భుజం విసురుతోంది అంతే. కాళ్లు పంగచాపించి శిష్యుడి వీపు మీదెక్కి కూర్చునే కోచ్‌ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కీలు టక్కుమంటే బాగుపడ్డట్టేనట! నొప్పి పుడితేనే గుణమట! ఎవడు చెప్పాడు? మోకాలి అరుగుదలకు మొదటి వైద్యం వ్యాయామమేనని ప్రపంచమంతా డాక్టర్లు చెబుతున్నారు, నిజమే. కానీ అది రోగిని బట్టి కొలిచి, మెల్లగా పెంచే వ్యాయామం. కీలు వాచినా, వేడెక్కినా, పట్టేసి కదలకపోయినా, రాత్రి నొప్పి నిద్ర లేపుతున్నా ముద్గరం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. గురువుగారైతే నొప్పి మొదలయ్యే చోటికి కాస్త ఇవతలే ఆపిస్తారు. రీళ్ల వీరులకు ఆ ఓపిక ఏదీ?

నేల మీద బాసింపట్టు వేసి భోంచేసే ఇళ్లు మా పేటలో తగ్గిపోయాయి. తుంటికీ మోకాలికీ రోజూ దొరికే ఆ ఉచిత సాధన కూడా పోయింది. పిల్లలకు ముద్గరం చూపిస్తే క్రికెట్ బ్యాటా అని అడుగుతున్నారు.

మాతా పూజలకు పందిళ్లు వేసే మన ఖరగ్‌పూర్ తెలుగు కమిటీల పెద్దలకు నాదొక్కటే విన్నపం. పండగ అయిపోయాక ఆ జాగాలో పిల్లలకు ముద్గరం నేర్పడానికి పొద్దున్నే ఓ గంట మాకివ్వండి. గురువుగారు రానన్నారు, నేను ఒప్పిస్తాను. ముద్గరాలకయ్యే కర్ర ఖర్చు నాది.