బిడ్డ కంటి యెత్తున

పసిబిడ్డ కాలినను, పడినను తల్లి యజాగ్రత్తను నిందించుట మన యిండ్లలో నెన్నాళ్లనుండియో వచ్చుచున్న యాచారము; కాని గృహసందర్శనమునకై పల్లెలలో చిరకాలము తిరిగిన నాకు ఆ నింద ఒక్క బిడ్డనైనను కాపాడినట్లు కనబడలేదు. పొయ్యి నేలమీదనే యుండి, వార్చిన గంజి దాని ప్రక్కనే పొగలు గ్రక్కుచుండగా, ఏడాది నిండిన పసివాడు ఆ మూలనే పారాడుచున్నప్పుడు, చీకటితో లేచి నీళ్లు మోసి, వంట ముగించి, కూలికి పోవలసిన తల్లి తన రెండు కన్నులను ఎన్నిటిపై నిలుపగలదు?

1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము మన పల్లెలకు అంగన్‌వాడీని తెచ్చినది. ఇంటింటికిని పోవు కార్యకర్తలు తూకమును, టీకాలను, గుడ్లను, పాలను గూర్చి శ్రద్ధతో మాటలాడుదురు. నీళ్లతొట్టిని గూర్చి యడుగువారు మాత్రము అరుదు. ఈ కొరత నన్ను మిక్కిలి బాధించును.

ఇంటిలోనికి పోయినవెంటనే ఉపదేశమునకు దిగక, చాపమీద గూర్చుండి, బిడ్డ కంటి యెత్తునుండి గదిని పరికింపవలయును. కూల్‌డ్రింకు సీసాలో పోసి మంచము క్రింద నుంచిన కిరసనాయిలు, క్రింది గూటిలోని యెలుకలమందు, మూతలేని సంపు, అడుగున జానెడు నీరు మిగిలిన బకెట్టు అప్పుడు కంటబడును. తలబరువుచే బకెట్టులోనికి వ్రాలిన పసిబిడ్డ తిరిగి లేవలేడు, కేకయైనను వినబడదు.

"మా పిల్లలందరు ఈ పొయ్యి దగ్గరే పెరిగినారమ్మా" అని యొక అవ్వ నాతో ననగా, వాదింపక, "అవ్వా, మీ మనుమని చేయి ఎంతవరకు అందునో చూతమా" అని వట్టిగిన్నెను పొయ్యిగట్టుపై నుంచితిని. వాడు మునివేళ్లపై నిలిచి, అంచు పట్టి, క్షణములో దానిని తన మీదికి వంచుకొనెను. అవ్వ మారు పలుకలేదు; మరునాటికే పొయ్యికి అడ్డముగా ఇటుకలు పేర్పించినది.

ప్రథమచికిత్సను సైతము అచ్చటనే చేసి చూపవలయును. కాలినచోట ఇంకు, టూత్‌పేస్టు పూయక, 20 నిమిషములు చల్లని నీటిధార పట్టవలయును. కిరసనాయిలు త్రాగిన బిడ్డచే కక్కింపరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును గనుక తిన్నగా ఆసుపత్రికి గొనిపోవలయును.

ఒక్కమారు పోయి పది మాటలు చెప్పుటకన్న, పోయినప్పుడెల్ల ఒక్క వస్తువును తల్లి చేతనే సురక్షిత స్థానమునకు మార్పించుట మేలని నా నమ్మకము. కాని సంపునకు మూత చేయించు స్తోమతలేని యింట మాటలతో సరిపుచ్చుట అన్యాయము. తూకపుయంత్రము నిచ్చిన ప్రభుత్వమే ఆ మూతయు, మందుల పెట్టెకు గడియయు నీయవలయును.