జాలి పాట – దాని విమర్శకులు

రచనలోకి పేదవాడు వస్తే చాలు, అది అభ్యుదయ రచనే అని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. వస్తువు ముఖ్యమే. కాని ఆ వస్తువును రచయిత ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్నది అంతకంటే ముఖ్యం. ఈ సంగతి తేల్చుకోవడానికి పనికివచ్చే ఒక ఇంగ్లీషు పాటను, దాని మీద నడిచిన వాదాన్ని ఇక్కడ పరిశీలిస్తాను.

పాట పేరు ‘అనదర్ డే ఇన్ పారడైజ్’. రాసి పాడినవాడు ఫిల్ కాలిన్స్. 1989 చివరలో విడుదలైంది. ఆ డిసెంబరులో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికెక్కి నాలుగు వారాలు అక్కడే నిలిచింది. బ్రిటన్‌లో రెండవ స్థానం వరకు వెళ్ళింది. 1990లో బ్రిట్ అవార్డు, 1991లో గ్రామీ వారి ‘రికార్డ్ ఆఫ్ ది ఇయర్’ బహుమతి వచ్చాయి. సాఫ్ట్ రాక్ అనే ఆ మెత్తని బాణీ ఎక్కువగా ప్రేమ గీతాలకు అలవాటుపడినది. అందులో ఇల్లులేని స్త్రీ గురించిన పాటను అన్ని దేశాలలో అంతమంది విన్నారంటే అది చిన్న విషయం కాదు.

ఇతివృత్తం సులభమే. వీధిలో ఒక స్త్రీ దారినపోయే మనిషిని పిలుస్తుంది. చలిగా ఉందనీ, తలదాచుకునే చోటు చూపమనీ అడుగుతుంది. అతడు వినపడనట్టు నటించి, ఈల వేసుకుంటూ వీధి దాటిపోతాడు. అప్పుడు పల్లవి శ్రోత వైపు తిరిగి అతని సుఖాన్ని అతనికి గుర్తుచేస్తుంది.

పాటను మెచ్చినవారు ‘ఎంత కరుణ!’ అన్నారు. మెచ్చనివారు ‘ఈ కోటీశ్వరుడికి పేదల ఊసెందుకు?’ అన్నారు. ఇంగ్లండు వామపక్ష గాయకుడు బిల్లీ బ్రాగ్ ఇంకొంచెం సూటిగా మాట్లాడాడు. పాట వెనుక ఆచరణ లేకపోతే అది ఇల్లులేనివారిని పాటకు సరుకుగా వాడుకోవడమేనన్నాడు. డబ్బున్నంత మాత్రాన వీధిలో కనిపించేది కనిపించకుండా పోదని కాలిన్స్ జవాబు చెప్పాడు.

ఈ వాదంలో ఉభయపక్షాలూ పాటను వదిలి పాటగాడిని పట్టుకున్నాయని నా అభిప్రాయం. రచయిత ఆస్తిని బట్టి రచన విలువ కట్టడం మార్క్సిస్టు విమర్శ కాదు. 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖలో ఎంగెల్స్, రాజరికవాది అయిన బాల్జాక్‌ను గొప్ప వాస్తవికవాదిగా కొనియాడాడు. తాను అభిమానించిన ప్రభువర్గం పతనాన్నే బాల్జాక్ నిజాయితీగా చిత్రించాడన్నది ఎంగెల్స్ వాదన. కనుక కాలిన్స్‌ను అతని బ్యాంకు ఖాతాలో కాదు, పాటలోనే పరీక్షించాలి.

ఆ పరీక్షకు గీటురాయి కూడా ఆ లేఖలోనే ఉన్నది. హార్క్‌నెస్ నవల ‘ఎ సిటీ గర్ల్’ లండన్ తూర్పు పేటల శ్రామికుల కథ. అందులో శ్రామికవర్గం తనకు తాను సాయం చేసుకోలేని జడసముదాయంగా కనిపిస్తున్నదని ఎంగెల్స్ ఆక్షేపించాడు. నూరేళ్ళ తరువాత వచ్చిన ఈ పాటకూ ఆ ఆక్షేపణ వర్తిస్తుంది.

ఈ పాటలో సజీవమైన పాత్ర ఆ స్త్రీ కాదు, దారినపోయే మనిషి. సిగ్గును కప్పిపుచ్చుకునే ఆ ఈల అచ్చమైన వాస్తవిక చిత్రణ. దాన్ని మెచ్చుకోక తప్పదు. కాని స్త్రీకి మిగిలినవి పుండ్లుపడిన పాదాలు, కన్నీళ్ళు, ముఖం మీది ముడతలు. ఆమెకు పేరు లేదు, గతం లేదు, కోపం లేదు. చోటుచోటునుంచీ ఆమెను వెళ్ళగొట్టి ఉంటారని పాట ఊహిస్తుంది. కారణమేమిటంటే, ఆమె అక్కడ ఇమడలేకపోవడమట! ఇది వ్యంగ్యమని ఎవరైనా సమర్థించవచ్చు. కాని వెళ్ళగొట్టినవాడు ఎవరు? పాటంతా వెతికినా వాడు దొరకడు. ఇక మిగిలింది దేవుడికి మొర. సంగీతం కూడా అందుకు తగినదే. కీబోర్డు పరచిన మెత్తని తెర మీద, అదుపు తప్పని తాళంతో దుఃఖం సమంగా సాగిపోతుంది. ఎక్కడా గొంతు తెగదు.

ఆ వెళ్ళగొట్టినవాడు చరిత్రలో మాత్రం సులభంగానే దొరుకుతాడు. థాచర్ ప్రభుత్వం 1980 గృహ చట్టంతో పురపాలక సంఘాల ఇళ్ళను అద్దెదారులకు తగ్గింపు ధరకు అమ్మించింది. ఆ దశాబ్దం ముగిసేలోగా పది లక్షలకు పైగా ఇళ్ళు అలా పోయాయి. వాటి స్థానంలో అన్ని ఇళ్ళు కట్టనివ్వలేదు. 1988లో 16, 17 ఏళ్ళ వారిలో అత్యధికులకు భృతి తీసివేశారు. లండన్ వాటర్లూ స్టేషను దగ్గర అట్టపెట్టెల్లో మనుషులు కాపురముండే చోటుకు ‘కార్డ్‌బోర్డ్ సిటీ’ అని పేరే వచ్చింది. బూర్జువా వర్గం మురికివాడలను నిర్మూలించదు, ఒకచోటి నుంచి మరొకచోటికి జరుపుతుందని ఎంగెల్స్ 1872లోనే ‘గృహ సమస్య’ వ్యాసాలలో చెప్పాడు.

కొద్ది నిమిషాల పాటలో ఇదంతా ఇముడుతుందా అని అడగవచ్చు. చట్టాలను ఏకరువు పెట్టమని నేను కోరడం లేదు. 1966లో కెన్ లోచ్ బి.బి.సి. కోసం తీసిన ‘కాథీ కమ్ హోమ్’ కూడా కోట్లమంది సామాన్యుల కోసం తీసినదే. అందులో కాథీ మెట్టుమెట్టుగా ఇల్లు ఎలా పోగొట్టుకుంటున్నదో మనం చూస్తాము. ఇంటి యజమానులను, అధికారులను, చివరకు ఆమె పిల్లలను లాక్కుపోయే చేతులను కూడా చూస్తాము. ఆమె ఊరకే ఏడవదు, ఎదురు తిరుగుతుంది.

పాట అంతకంటే చిన్న రూపమంటే, మన శ్రీశ్రీ ‘భిక్షువర్షీయసి’ చాలా చిన్న గేయం. ‘మహాప్రస్థానం’ చదివిన వారందరికీ అది తెలుసు. ఆ ముసలిదీ నిస్సహాయురాలే, ఆమె కూడా ఎదురు తిరగదు. కాని ఆమె చస్తే ఆ పాపం ఎవరిదని గేయం అడుగుతుంది. అడిగి, ఓదార్పేమీ ఇవ్వకుండా వెళ్ళిపోతుంది. తెలుగులో ‘పాపం’ అన్న మాట జాలికీ నేరానికీ ఒకటే. కాలిన్స్ పాట ‘అయ్యో, పాపం!’ దగ్గర ఆగింది. శ్రీశ్రీ ‘ఎవరి పాపం?’ దాకా నడిచాడు.

జాలి నీచమైనదని నేననడం లేదు. జాలి లేనివాడు ఆ రెండవ ప్రశ్న వేయనే వేయడు. అయితే తన అదృష్టాన్ని తలచుకుని నిట్టూర్చి, శ్రోత అదే వీధిలో ఇంటికి పోయేటట్టు చేసే జాలి పాలకవర్గానికి ఏ ఇబ్బందీ కలిగించదు. అటువంటి జాలికి బహుమతులివ్వడానికి ఆ వర్గానికి అభ్యంతరమూ ఉండదు.

పేవ్‌మెంటు బతుకుల మీద మన భాషలోనూ కవితలు, పాటలు వస్తూనే ఉన్నాయి. వాటిని తరగతిలో చెప్పే ఉపాధ్యాయులు, సభలలో పాడే విద్యార్థులు కవి ఇంటిపేరును, ఆదాయాన్ని విచారించనక్కరలేదు. రెండు ప్రశ్నలు వేస్తే చాలు: ఆ మనిషిని వీధిలో పడేసినవాడు ఈ రచనలో ఉన్నాడా? పడినవాడు లేచి నిలబడగల మనిషిగా కనిపిస్తున్నాడా?