తొలి పుస్తకానికి వయసు లెక్కెందుకు?

కేంద్ర సాహిత్య అకాడెమీ 2011 నుంచి యువ పురస్కారం ఇస్తోంది. షరతు 35 ఏళ్ల వయసు. తొలి పుస్తకమా కాదా అన్నది కాదు. ఈ లెక్కలోనే కులం దాగుంది. ఇంటినిండా పుస్తకాలున్నోడు ఇరవైల్లోనే అచ్చవుతాడు. కూలికి పోతూ చదివినోళ్ల మొదటి పుస్తకం ఆలస్యంగానే వస్తుంది. గోగు శ్యామల కథల సంపుటి 2012లో ఇంగ్లీషులో వచ్చేనాటికి ఆమెకు నలభై దాటాయి. అంటే ఆ గీతకు అవతలే.

2015లో పసునూరి రవీందర్ 'అవుట్ ఆఫ్ కవరేజ్ ఏరియా' కథలకు ఈ పురస్కారం వచ్చింది. సంతోషమే. కానీ దళిత కథని నినాదమని కొట్టిపారేసినోళ్లు, బహుమతొచ్చాక అందులో శిల్పం వెతికితే ఏమనాలి? కథలో అక్షరం మారలేదు, ముద్ర పడిందంతే.

బహుమతి తీసుకుందాం. వయసు గీత చెరిపేయమని కూడా అడుగుదాం. కొలబద్ద మాత్రం మనమే తయారు చేసుకోవాలి.