వెనకగుమ్మం దగ్గరి పళ్ళెం

మెరిలిన్ రాబిన్సన్ నవల ‘హోమ్’ని మొదటిసారి సగంలోనే వదిలేశాను. వండటం, వడ్డించడం, గిన్నెలు కడగటం, ప్రార్థన, మళ్ళీ కాఫీ. ఇంతేనా అనిపించింది. విమల ‘వంటిల్లు’ కవిత చదివి పెరిగినవాళ్ళకి, వంటింటి పొగని సాంబ్రాణి ధూపంలా చూపించే పుస్తకం మీద అనుమానం రావడం సహజమే. ఈమధ్య మళ్ళీ తీసి చివరిదాకా చదివాను. అనుమానం పోలేదు గానీ, అది వేరే చోటికి మారింది.

2008లో వచ్చిన ఈ నవల, 1956లో అయోవా రాష్ట్రంలోని గిలియడ్ అనే కల్పిత ఊళ్ళో నడుస్తుంది. రెవరెండ్ బౌటన్ రిటైరైన ప్రెస్బిటేరియన్ పాస్టరు, బాగా ముసలాయన. చిన్న కూతురు గ్లోరీకి 38 ఏళ్ళు. టీచరుగా పనిచేసింది, నమ్మినవాడి చేతిలో మోసపోయింది. ఇప్పుడు తండ్రిని చూసుకోడానికి ఇంటికొచ్చింది. 20 ఏళ్ళుగా ఇంటి ముఖం చూడని కొడుకు జాక్, తల్లి అంత్యక్రియలకి కూడా రానివాడు, ఒకరోజు తిరిగొస్తాడు.

ఆ తల్లికి ఒక అలవాటుండేది. ఇంట్లో ఏ ఉపద్రవం వచ్చినా, దాల్చినచెక్క వేసిన రోల్సో, కోడిపులుసులో ఉడికించిన పిండిముద్దలో చేసి, ఇల్లంతా ఆ వాసనతో నింపేసేది. ఏం జరిగినా మీరు ఈ ఇంటివాళ్ళే అని ఆవిడ చెప్పే పద్ధతి అది. జాక్ చావబోయి బతికాక గ్లోరీ కూడా అదే కోడి, అవే పిండిముద్దలు వండుతుంది. ఓదార్పు మాటలేవీ ఉండవు. మరోవైపు, క్షమ గురించి జీవితమంతా ప్రసంగించిన తండ్రి, కొడుకు సెలవు తీసుకుంటూ చెయ్యి చాపితే తన చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. వయసు, జబ్బు కారణం కావచ్చు. అయినా ప్రసంగవేదిక తప్పిన చోట వంటిల్లు నిలబడిందని రాబిన్సన్ చెప్పకుండానే చెప్తుంది. నవల బలం ఇక్కడే ఉందనుకున్నాను.

కానీ అసలు దెబ్బ చివర్లో ఉంది. జాక్ తన భార్యగా భావించే డెల్లా నల్లజాతి స్త్రీ. మిస్సోరీలో అప్పటికి అలాంటి పెళ్ళి చెల్లదు. అయోవా మాత్రం ఆ నిషేధాన్ని 1851లోనే తీసేసింది. అంటే గిలియడ్‌లో జాక్‌కి అడ్డుపడింది చట్టం కాదు. టీవీలో మాంట్‌గామరీ నిరసనలు చూస్తూ తండ్రి తేలిగ్గా అనే మాటలు వింటే ఆ అడ్డేమిటో అర్థమవుతుంది. అంత మంచాయన, అంత భక్తుడు! జాక్ వెళ్ళిపోయాక డెల్లా కొడుకుని తీసుకుని వస్తుంది. చీకటి పడకముందే దారి పట్టాలి గనక ఎక్కువసేపు ఆగలేదు. అందరినీ తన వాళ్ళనే ఆ ఇంట్లో వాళ్ళకి ఒక పూట భోజనం కూడా జరగదు.

ఆ పిల్లాడు పెద్దయ్యాక ఎప్పుడో వస్తాడని, అప్పటిదాకా ఇంటిని ఇలాగే ఉంచాలని గ్లోరీ అనుకుంటుంది. ఏళ్ళ ముందే ఒకరికి వంట సిద్ధం చేసి పెట్టడం లాంటిదది. రాబిన్సన్ దీన్ని దైవకృపగా చూస్తుంది. నేను పూర్తిగా ఒప్పుకోలేను. తనకంటూ వేరే ఇల్లు, పిల్లలు కావాలనుకున్న మనిషి, తండ్రి తలుపు ముయ్యకపోతే సరిపోయేదానికి తన జీవితం మొత్తం చెల్లిస్తోంది. అది కృపే అయితే, దాని ఖర్చు ఎప్పుడూ ఒకళ్ళే ఎందుకు భరించాలి?

మా అమ్మ రోజూ రాత్రి ఒక మనిషికి సరిపడా అన్నం ఎక్కువ వండేది. “ఎవరొస్తారో ఏమో, ఆకలితో పంపకూడదు నాన్నా, దేవుడు చూస్తాడు” అనేది. నాకది గర్వంగా ఉండేది. అయితే వెనకగుమ్మం దగ్గరికొచ్చే వాళ్ళకి మా ఇంట్లో వేరే పళ్ళెం ఉండేది. దాని గురించి అమ్మని నేనెప్పుడూ అడగలేదు. ఆ అన్నం అబద్ధం కాదు, ఆ పళ్ళెమూ అబద్ధం కాదు. ‘హోమ్’ మూశాక నాకు ముందు గుర్తొచ్చింది పళ్ళెమే.