రెండుసార్లు ఆపిన ఒకే పెనాల్టీ

పెనాల్టీ షూటౌట్‌లో ఒక కిక్ ఆపడమే గోల్‌కీపర్‌కు గొప్ప. ఆపాక రెఫరీ ఈల ఊది, అది చెల్లదు, మళ్లీ తన్నాలంటే? లక్ష్మీకాంత్ కట్టిమణికి 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో ఎదురైంది ఇదే. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ఆటగాడు నిషు కుమార్ తన్నిన బంతిని ఆపాడు. తన్నకముందే గీత దాటాడని రెఫరీ మళ్లీ తన్నించాడు. దాన్నీ ఆపాడు. మా హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడిన ఆటలన్నిటిలో నాకు అన్నిటికన్నా విలువైన పనితనం ఆ రెండో ఆపుడే.

అది మాకు అంత విలువైనది ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. వరంగల్ వైపు పాతతరం వాళ్లను కదిపితే ఫుట్‌బాల్ ముచ్చట రహీం సాబ్‌తోనే మొదలయ్యేది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు కోచ్‌గా 1951లోనూ, 1962లోనూ ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చింది ఆయనే. ఆ తర్వాత ఆ వెలుగు తగ్గుతూ వచ్చింది. మా తరానికి మిగిలినవి కథలే. అందుకే 2019లో పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ పేరుతో ఒక క్లబ్బు ఐఎస్‌ఎల్‌లోకి వచ్చిందంటే, కొత్త జట్టు వచ్చినట్టు కాదు, పోయినది తిరిగి వచ్చినట్టే అనిపించింది.

మొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో ఏటీకే చేతిలో 0-5. అయినా నవంబర్ 2న కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి గచ్చిబౌలి చేరుకున్నాం. కేరళ తరఫున రాహుల్ కేపీ ముందు గోల్ కొట్టాడు. మా స్టాన్‌కోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. 81వ నిమిషంలో మార్సెలీనో ఫ్రీకిక్ వలలో పడ్డప్పుడు పక్కన ఎవరున్నారో చూడకుండా కౌగిలించుకున్నాం. ఆ సీజన్‌లో జట్టు చిట్టచివరన నిలిచింది. ఆ తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రవాళ్ల మీద నమ్మకం పెట్టాడు. రెండేళ్లకే ఫైనల్.

కరోనా వల్ల ఆ రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి. ఫైనల్‌కు ప్రేక్షకులను రానిచ్చినా మేము హన్మకొండలో టీవీ ముందే ఉన్నాం. 68వ నిమిషంలో మళ్లీ ఆ రాహులే గోల్ కొట్టాడు. అది కట్టిమణి ఆపదగిన షాటేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. 88వ నిమిషంలో సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయట నుంచి కొట్టిన వాలీ మమ్మల్ని బతికించింది. అదనపు సమయం తర్వాత కూడా 1-1.

ఇక షూటౌట్. బంతి పెట్టే చుక్కకు, గోల్ గీతకు నడుమ 11 మీటర్లు. కీపర్ కాయాల్సిన వెడల్పు 7.32 మీటర్లు. గట్టిగా తన్నిన బంతి అర సెకనులోపే వచ్చేస్తుంది. బంతిని చూశాక దూకితే ఆలస్యం, మరీ ముందే దూకితే తన్నేవాడు అటుకాకుండా ఇటు పంపిస్తాడు. ఒక అడుగు ముందుకేస్తే కోణం తగ్గి పని సులువవుతుంది. సరిగ్గా అందుకే తన్నే క్షణానికి కీపర్ పాదం కనీసం ఒకటైనా గీత దాటకుండా ఉండాలన్నది నియమం.

మొదటి కిక్ కేరళ ఆటగాడు లెస్కోవిచ్‌ది. కట్టిమణి ఆపాడు. తర్వాత నిషు. ఆపగానే గదిలో అరుపులు. అంతలోనే ఒక పిల్లగాడు తల పట్టుకుని, "అయ్యో, ముందే దుంకిండు అన్నా!" అన్నాడు. వాడి కన్ను రెఫరీ కన్నంత చురుకైనది. ఇప్పుడు కీపర్‌కు ఆ అడుగు లేదు. మళ్లీ తప్పు చేస్తాడా అని అందరి కళ్లూ అతని కాళ్ల మీదే. అలాంటప్పుడు మామూలుగా కీపర్ బిగుసుకుపోతాడు, కాలు కదలడానికే జంకుతాడు. కట్టిమణి అలా కాలేదు. దూకే ఊపు ఏమాత్రం తగ్గించుకోకుండా, ఆ ఊపు మొదలుపెట్టే క్షణాన్ని మాత్రం కాస్త ఆలస్యం చేశాడు. ఒళ్లు ముందుకు వంగుతున్నా కాలు గీతను వదలకుండా పట్టి ఉంచడం ఎంత సాధన చేస్తే వస్తుంది! ఆ తర్వాత జీక్సన్ సింగ్ కిక్‌ను కూడా ఆపాడు. హాలీచరణ్ నర్జారీ గోల్‌తో షూటౌట్ 3-1, కప్పు మనది.

కట్టిమణి గోవా వాడే. 2015 ఫైనల్లో ఇదే మైదానంలో గోవా గోలు కాశాడు. ఆ రోజు ఆట మధ్యలో రెండు పెనాల్టీలు ఆపాడు కూడా. అయినా చివరి నిమిషాల్లో ఒక గోల్ అతని పేరు మీదే ఓన్‌గోల్‌గా పడింది, చెన్నైయిన్ 3-2తో గెలిచింది. అదే గోల్‌పోస్టుల నడుమ ఆరేళ్ల తర్వాత మళ్లీ నిలబడటానికి ఎంత గుండెదిటవు కావాలో గోల్ కాసినవాళ్లెవరికైనా తెలుసు.

2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. ఆ బాధ మాకు ఇంకా పోలేదు. హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఈ సాయంత్రం కూడా పిల్లలు ఆడుతూనే ఉంటారు. వాళ్లలో గోల్ కాసేవాళ్లు ఆ రెండో కిక్ వీడియో చూడాలి, ముఖ్యంగా అతని కాళ్లు చూడాలి. వాళ్లు రైలెక్కి పోయి చూసేందుకు పై డివిజన్ జట్టు ఒకటి మళ్లీ హైదరాబాద్‌కు రావాలి.